డేటా అక్కడిది, నంబరు ఇక్కడిది: విదేశీ ప్రయాణంలో ఈ-సిమ్

బెంగళూరు నుంచి విదేశాలకు వెళ్లే తెలుగువాళ్లు ప్రధానంగా రెండు రకాలు. వైట్‌ఫీల్డ్, మారతహళ్లి, ఎలక్ట్రానిక్ సిటీ ఆఫీసుల నుంచి క్లయింటు పని మీదో, నాలుగు రోజుల సెలవు మీదో వెళ్లేవాళ్లు ఒకరు. హిందూపురం, అనంతపురం, మదనపల్లె నుంచి పిల్లల దగ్గరికి బయల్దేరే పెద్దవాళ్లు ఇంకొకరు. వీళ్లకి శంషాబాద్ కన్నా దేవనహళ్లి విమానాశ్రయమే దగ్గర. టికెట్, వీసా, ఇన్సూరెన్స్ అన్నీ అయ్యాక ఇద్దరికీ చివర్లో మిగిలే ప్రశ్న ఒకటే: అక్కడ దిగాక నెట్ సంగతేమిటి?

ఉన్న దారులు మూడే. ఇక్కడి సిమ్‌కే రోమింగ్ ప్యాక్ వేయించుకోవడం, దిగాక అక్కడి సిమ్ కొనుక్కోవడం, లేదా ఇంట్లో ఉండగానే ఫోన్‌లో ట్రావెల్ ఈ-సిమ్ ఎక్కించుకోవడం. వీటి మీద ఎక్కడ చర్చ జరిగినా జీబీకి ఎంత పడుతుందన్న దగ్గరే తెగిపోతుంది. ధర ముఖ్యమే, కాదనలేం. కానీ మన దేశం నుంచి వెళ్లే మనిషికి ఈ-సిమ్ చేసే అసలు మేలు వేరే ఉంది. ఇక్కడి నంబరును ఫోన్‌లోంచి కదపకుండా, నెట్ మాత్రం ఇంకొకరి దగ్గర కొనుక్కునే వీలు కల్పిస్తుంది. బ్యాంకు, యూపీఐ, వాట్సాప్, ఆధార్ అన్నీ ఒక్క పదంకెల నంబరుకు ముడిపడి ఉన్న చోట ఇది చిన్న విషయం కాదు.

ముందు ఈ-సిమ్ ఎలా పనిచేస్తుందో కొంచెం చూడాలి. తర్వాత వచ్చే చిక్కులన్నీ అక్కడి నుంచే పుడతాయి.

మామూలు సిమ్ కార్డులో కంపెనీ వివరాలు ముందే రాసి చేతికిస్తారు. ఈ-సిమ్‌లో చిప్ ఫోన్ బోర్డు మీదే అతికించి ఉంటుంది, కంపెనీ వివరాలను నెట్ ద్వారా దించుకుంటారు. ఆ వివరాల మూటనే ప్రొఫైల్ అంటారు. డబ్బు కట్టాక మెయిల్‌కు వచ్చే క్యూఆర్ కోడ్‌లో ఆ ప్రొఫైల్ ఉండదు. అది ఏ సర్వర్‌లో ఉందో చెప్పే చిరునామా, దాన్ని విడిపించుకునే కోడ్ మాత్రమే ఉంటాయి. కాబట్టి ఎక్కించుకునేటప్పుడు ఫోన్‌కు నెట్ ఉండి తీరాలి. పరాయి ఎయిర్‌పోర్టులో దిగి, అక్కడి ఉచిత వైఫై కోసం ఓటీపీ అడిగించుకుని, అది రాక, క్యూఆర్ కోడ్ చేతిలో పెట్టుకుని నిలబడితే తల ప్రాణం తోకకొస్తుంది. ఇంటి వైఫైలో, బయల్దేరే ముందు రోజే ఎక్కించేసుకుంటే ఆ టెన్షన్ ఉండదు. చాలా ప్యాకుల్లో గడువు లెక్క మొదలయ్యేది ఎక్కించినప్పుడు కాదు, ఆ దేశపు నెట్‌వర్క్ తగిలినప్పుడు. కొన్నింటిలో మాత్రం ఎక్కించగానే మొదలవుతుంది. కొనేముందు ఈ ఒక్క వాక్యం వెతికి చదవాలి.

ఇంకో సంగతి, ఈ కోడ్‌లు చాలావరకు ఒక్కసారికే పనికొస్తాయి. నెట్ రావట్లేదని కంగారులో ప్రొఫైల్‌ను డిలీట్ చేసి మళ్లీ ఎక్కిద్దామనుకుంటే, ఆ కోడ్ అప్పటికే వాడేసినట్టు చూపిస్తుంది. అప్పుడిక అమ్మినవాళ్ల కస్టమర్ కేర్‌ను బతిమాలుకోవాలి. ఆపాలనుకుంటే ఆఫ్ చేయాలి, డిలీట్ జోలికి పోకూడదు.

ఇక ధర. ట్రావెల్ ఈ-సిమ్ ఎందుకు చవక? వీటిని అమ్మే కంపెనీలకు చాలావరకు సొంత టవర్లు ఉండవు. రోమింగ్ ఒప్పందాలు బాగా ఉన్న ఏదో ఒక దేశపు ఆపరేటర్ దగ్గర హోల్‌సేల్‌గా డేటా కొని, చిన్న చిన్న ప్యాకులుగా చేసి అమ్ముతాయి. అంటే పారిస్‌లో వాడే ఈ-సిమ్ ఫ్రాన్స్ కంపెనీదే కానక్కర్లేదు. అది సింగపూర్‌దో హాంకాంగ్‌దో అయ్యుండి, పారిస్‌లో అతిథిగా తిరుగుతుండొచ్చు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ‘డేటా రోమింగ్ ఆఫ్ చేయాలి’ అని ఎవరో చెప్పింది గుర్తుంచుకుని రెండు సిమ్‌లకీ ఆఫ్ చేసేస్తారు. ట్రావెల్ ఈ-సిమ్ స్వతహాగా రోమింగ్‌లో ఉండే సిమ్, దానికి రోమింగ్ ఆన్‌లో ఉంటేనే నెట్ వస్తుంది. ఆఫ్ చేయాల్సింది ఇండియా సిమ్‌కి.

సిమ్ సింగపూర్‌దైతే డేటా కూడా సాధారణంగా సింగపూర్ దాకా వెళ్లి, అక్కడి నుంచి ఇంటర్నెట్‌లోకి దిగుతుంది. రోమింగ్ పద్ధతే అంత. వాట్సాప్ మెసేజ్‌కి, మ్యాప్‌కి ఈ చుట్టు తిరుగుడు తెలియదు. వీడియో మీటింగ్‌లో కొద్దిగా ఆలస్యం కనబడొచ్చు. వెబ్‌సైట్ల కళ్లకు మాత్రం ఆ ఫోన్ పారిస్‌లో కాక సింగపూర్‌లో ఉన్నట్టు లెక్క. చైనా వెళ్లేవాళ్లకు ఇదే కలిసొస్తుంది. అక్కడి లోకల్ సిమ్‌లో గూగుల్, వాట్సాప్ తెరుచుకోవు, బయటి దేశపు ఈ-సిమ్‌లో డేటా బయటికి వెళ్లి దిగుతుంది కాబట్టి పనిచేస్తాయి. దీనికి ఇంకో వైపూ ఉంది. మన ప్రభుత్వ సైట్లు కొన్ని విదేశీ ఐపీ అడ్రస్ చూస్తే తలుపు తీయవు. అదే ఇండియా సిమ్ రోమింగ్ ప్యాక్ మీదైతే డేటా మన దేశం గుండా వెళ్తుంది, అవి తెరుచుకుంటాయి. ట్యాక్స్ రిటర్న్ గడువు ప్రయాణంలో పడేవాళ్లు ఈ తేడా గుర్తుంచుకుంటే మంచిది.

ధరల తేడా ఒకప్పుడున్నంత లేదు. 2024లో ఎయిర్‌టెల్ రోజుకు రూ.133 నుంచి మొదలయ్యే రోమింగ్ ప్యాకులు ప్రకటించింది, మిగతా కంపెనీలకూ రోజువారీ, పదిరోజుల ప్యాకులున్నాయి. రెండు మూడు రోజుల పనికి దుబాయో సింగపూరో వెళ్లేవాళ్లు ఈ-సిమ్ కోసం వెతకడమే దండగ, ఉన్న సిమ్‌కే ప్యాక్ వేసుకుంటే ఏ సెట్టింగూ ముట్టుకోనక్కర్లేదు. పది, పదిహేను రోజుల యూరప్ టూర్‌కి, జపాన్‌కి, అమెరికాకి వచ్చేసరికి ఈ-సిమ్ లెక్క నిలబడుతుంది. ముఖ్యంగా రోజుకు ఇంత అని కట్టే ప్యాకుల్లో వాడినా వాడకపోయినా ఆ రోజు అరిగిపోతుంది. ఈ-సిమ్‌లో పది జీబీ కొంటే ఒక్కరోజులో వాడినా, పది రోజులు పొదుపుగా వాడినా వినియోగదారుడి ఇష్టం. థాయ్‌లాండ్, మలేసియా లాంటి చోట్ల ఎయిర్‌పోర్టులోనే టూరిస్ట్ సిమ్‌లు చవగ్గా దొరుకుతాయి కాబట్టి అక్కడ ధర ఒక్కటే చూస్తే ఈ-సిమ్ పెద్దగా గెలవదు.

అయితే ఎయిర్‌పోర్టు కౌంటర్ సిమ్‌లో ఒక మెలిక ఉంది. ఫోన్‌లో ఒక్కటే కార్డు స్లాటు ఉంటే ఇండియా సిమ్ తీసి పర్సులో పెట్టుకోవాల్సిందే. ఆ క్షణం నుంచి ఓటీపీలు ఆగిపోతాయి. ఇక్కడున్నప్పుడు రోజుకు ఎన్ని పనులకు ఓటీపీ వస్తుందో ఎవరూ గమనించరు. నెట్ బ్యాంకింగ్ లాగిన్, కార్డు లిమిట్ మార్చడం, మారతహళ్లి ఫ్లాట్ అద్దె పంపడం, బెస్కాం కరెంటు బిల్లు, తిరుగు ప్రయాణంలో ఊరికి వెళ్లడానికి రైలు టికెట్... అన్నీ ఆ సిమ్‌కే వస్తాయి. యూపీఐ యాప్‌లదైతే ఇంకో రకం పట్టుదల. నమోదు చేసేటప్పుడు అవి ఆ నంబరు నుంచి ఒక ఎస్ఎంఎస్ వాటంతటవే పంపి, ఈ ఫోనూ ఈ సిమ్మూ ఒకటేనని ఖాయం చేసుకుంటాయి. సిమ్ తీసి వేరేది వేస్తే మళ్లీ మొదటి నుంచి నమోదు చేసుకోమనొచ్చు. విదేశంలో ఉండి ఆ ఎస్ఎంఎస్ పంపడం ఖర్చుతో పని, పైగా ప్రతిసారీ వెళ్తుందన్న నమ్మకం లేదు.

వాట్సాప్ విషయంలోనూ గాలి ఇటే వీస్తోంది. 2025 నవంబరులో కేంద్ర టెలికాం శాఖ వాట్సాప్, టెలిగ్రామ్, సిగ్నల్ లాంటి యాప్‌లకు ఒక ఆదేశం ఇచ్చింది. ఖాతా ఏ సిమ్‌తో తెరిచారో ఆ సిమ్ ఫోన్‌లో ఉంటేనే యాప్ నడిచేలా చూడాలన్నది దాని సారాంశం. సైబర్ మోసాలను అరికట్టడానికని చెప్పినా, ప్రయాణాల్లో సిమ్‌లు మార్చుకునేవాళ్ల మీద దీని ప్రభావం ఉంటుంది. ఇండియా సిమ్ స్లాటులో అలాగే ఉండి పక్కన ఈ-సిమ్ నడిచే ఏర్పాటుకు ఆ బెడద లేదు.

కాబట్టి ఈ-సిమ్ కొనడంతో పని సగమే అయినట్టు. మిగతా సగం ఇండియా నంబరు అక్కడ నెట్‌వర్క్ పట్టేలా చూసుకోవడం. దానికి ఇంటర్నేషనల్ రోమింగ్ సర్వీసు ఆన్ అయి ఉండాలి. డేటా రోమింగ్ వేరు, ఇది వేరు. డేటా రోమింగ్ ఫోన్ సెట్టింగుల్లో ఉంటుంది, ఇంటర్నేషనల్ రోమింగ్‌ను ఆపరేటర్ యాప్‌లో ఆన్ చేసుకోవాలి. కొన్ని ప్రీపెయిడ్ కనెక్షన్లకు దీనికోసం విడిగా రీఛార్జ్ కూడా అడుగుతారు. ఇది ఆన్‌లో ఉంటే, రోమింగ్ ప్యాక్ లేకపోయినా వచ్చే ఎస్ఎంఎస్‌కు మామూలుగా డబ్బు తీసుకోరు, ఓటీపీ వచ్చేస్తుంది. వచ్చిన కాల్ ఎత్తితే మాత్రం ఛార్జీ పడుతుంది. లోన్ కావాలా అంటూ వచ్చే ఫోన్‌కి ‘వద్దు’ అని చెప్పడానికి కూడా డబ్బు కట్టాలన్నమాట. ఇక్కడి ప్రీపెయిడ్ గడువు ప్రయాణం మధ్యలో అయిపోకుండా బయల్దేరేముందే చూసుకోవాలి. గడువు దాటాక కొద్ది రోజులకే ఎస్ఎంఎస్‌లు రావడం కూడా ఆగిపోతుంది.

సెట్టింగుల్లో ఒక్క చోట మాత్రం కాస్త ఆగాలి. విమానం దిగి ఫోన్ ఆన్ చేయగానే రెండు లైన్లు కనబడతాయి. మొబైల్ డేటా ఏ లైన్ మీద అన్న చోట ట్రావెల్ ఈ-సిమ్‌ను ఎంచుకోవాలి. ఐఫోన్‌లో ఆ పేజీలోనే కింద ‘అలో మొబైల్ డేటా స్విచింగ్’ అని ఒక మీట ఉంటుంది. ఎంచుకున్న సిమ్‌కు సిగ్నల్ బాగాలేనప్పుడు ఫోన్ తనంతట తానే రెండో సిమ్ డేటాకు మారడానికి అది. ఊళ్లో ఉన్నప్పుడు మంచిదే. విదేశంలో, ఇండియా సిమ్‌కు డేటా రోమింగ్ కూడా ఆన్‌లో ఉంటే, మెట్రో సొరంగంలో ఈ-సిమ్ సిగ్నల్ పోయిన రెండు నిమిషాల్లో ఫోన్ ఇండియా సిమ్ మీదికి దూకుతుంది. ప్యాక్ లేని రోమింగ్ డేటా రేటు మామూలు రేటు కాదు, బిల్లు వాచిపోతుంది. శామ్‌సంగ్‌లోనూ, ఇతర ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఆటో డేటా స్విచింగ్ పేరుతో ఇలాంటిదే ఉంటుంది. దీన్ని ఆఫ్ చేసి, ఇండియా లైనుకు డేటా రోమింగ్ ఆఫ్ చేస్తే రెండు తాళాలు వేసినట్టు. విమానంలో ఎయిర్‌ప్లేన్ మోడ్ తీయకపోవడం మూడోది. కొన్ని విమానాల్లో సొంత మొబైల్ నెట్‌వర్క్ ఉంటుంది, దాని రేట్లు నేల మీది రోమింగ్‌ను మించిపోతాయి.

ఇన్ని జీబీలు సరిపోతాయా అన్నది మనిషిని బట్టి. మ్యాప్, మెసేజ్, క్యాబ్ బుకింగులతో గడిపేవాళ్లకు రోజుకు అర జీబీ కూడా ఎక్కువే. డేటాను మింగేది వీడియో కాల్. సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున నడిస్తే గంటకు దాదాపు 450 ఎంబీ, అదీ ఒక వైపు లెక్క. రాత్రి ఫోన్ పక్కన పెట్టి పడుకుంటే ఫొటోల బ్యాకప్ చేసే పని ఇంకా ఘోరం, ఆ రోజు తీసిన వీడియోలన్నీ ఈ-సిమ్ మీదే పైకి ఎక్కిస్తుంది. బ్యాకప్‌ను వైఫైకే పరిమితం చేయాలి. ‘అన్‌లిమిటెడ్’ అని రాసి అమ్మేవాటి అడుగున చిన్న అక్షరాలుంటాయి. రోజుకు ఇంత వాడాక వేగం తగ్గిస్తారని అక్కడ ఉంటుంది. ఆ తగ్గిన వేగంలో మ్యాప్ కూడా ఈడుస్తూ తెరుచుకోవచ్చు. ఇక ‘యూరప్’ ప్యాకుల్లో స్విట్జర్లాండ్ ఉందో లేదో తప్పక చూడాలి. ఆ దేశం యూరోపియన్ యూనియన్‌లో లేదు, చాలా జాబితాల్లో జారిపోతుంది. మనవాళ్ల యూరప్ టూర్ స్విట్జర్లాండ్ లేకుండా ఎక్కడుంది! అమెరికా ప్యాక్ కొన్నవాళ్లకు మధ్యలో దోహాలోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో విమానం మారేచోట అది పనిచేయదు, ఆ నాలుగు గంటలూ ఎయిర్‌పోర్టు వైఫైయే గతి.

ఇక్కడి చట్టం సంగతి కొనేవాళ్లలో చాలామందికి తెలియదు. విదేశీ ఆపరేటర్ల సిమ్‌లను మన దేశంలో అమ్మాలంటే టెలికాం శాఖ నిరభ్యంతర పత్రం ఉండాలి. కొన్నవాళ్ల పాస్‌పోర్టు, వీసా నకళ్లు తీసుకోవాలి. ఈ అనుమతి లేకుండా అమ్ముతున్నాయని 2024 జనవరిలో ఎయిరాలో, హోలాఫ్లై అనే రెండు పెద్ద కంపెనీల యాప్‌లను ఇండియా యాప్ స్టోర్ల నుంచి తీసేయించారు, వాటి సైట్లను బ్లాక్ చేయించారు. అమెరికాలో ఉన్న తమ్ముడు ‘ఫలానా యాప్ దించుకో అక్కా, రెండు నిమిషాల పని’ అంటే, బెంగళూరులో ఆ యాప్ దొరక్కపోవడానికి కారణం ఇదే. అనుమతి ఉన్న దేశీయ విక్రేతలు ఉన్నారు. వాళ్లు పాస్‌పోర్టు కాపీ అడిగితే అనుమానపడనక్కర్లేదు, అడగకుండా ఇచ్చేవాళ్లనే అనుమానించాలి. తుర్కియే కూడా 2025 జూలైలో ఇలాంటి సైట్లను తమ దేశంలో బ్లాక్ చేసింది. ఇస్తాంబుల్ వెళ్లేవాళ్లు అక్కడ దిగాక కొందామనుకోకుండా ఇక్కడే ఎక్కించుకోవాలి.

ఇంత చెప్పాక ఫోన్‌లో ఈ-సిమ్ సౌకర్యమే లేకపోతే అంతా వృథా. డయల్ ప్యాడ్‌లో *#06# నొక్కితే ఐఎంఈఐ నంబర్లతో పాటు 32 అంకెల ఈఐడీ కనబడితే ఉన్నట్టు. తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటికి ఇంకా లేదు. పెద్దవాళ్ల దగ్గరుండే ఫోన్లు ఎక్కువగా ఆ కోవలోవే. ఇంకో తెలుగింటి చిక్కు, అమెరికా నుంచి పిల్లలు తెచ్చిచ్చిన ఐఫోన్. అక్కడి ఆపరేటర్ దగ్గర కంతుల మీద కొన్న ఫోను తరచూ ఆ కంపెనీకే లాక్ అయి ఉంటుంది, వేరే ఏ ఈ-సిమ్మునూ తీసుకోదు. సెట్టింగుల్లో జనరల్, అబౌట్ లోకి వెళ్తే క్యారియర్ లాక్ పక్కన ‘నో సిమ్ రిస్ట్రిక్షన్స్’ అని ఉండాలి. పైగా 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికా మోడళ్లకు కార్డు స్లాటే లేదు. ఆ ఫోన్ వాడాలంటే ఇండియా నంబరును కూడా ఈ-సిమ్‌గా మార్చుకోవాలి.

ఈ మార్పిడికి ఒక టైమింగ్ ఉంది. సిమ్ మార్చిన తర్వాత 24 గంటల పాటు ఆ నంబరుకు ఎస్ఎంఎస్‌లు ఆపేయాలన్నది టెలికాం శాఖ 2022లో పెట్టిన నియమం. దొంగచాటుగా సిమ్ మార్చి ఓటీపీలు కొట్టేసేవాళ్లను అడ్డుకోవడానికి పెట్టారు, మంచి నియమమే. కానీ ఎయిర్‌పోర్టుకు క్యాబ్ ఎక్కే రోజున ఇండియా నంబరును ఈ-సిమ్‌గా మార్చుకుంటే, ఓటీపీ అత్యవసరమైన ఆ ఒక్కరోజే ఫోన్ మూగబోతుంది. కనీసం వారం ముందు ఈ పని కానిచ్చేయాలి. ఎవరో ఫోన్ చేసి ‘మీ సిమ్‌ను ఈ-సిమ్‌గా అప్‌గ్రేడ్ చేస్తాం, లింక్ నొక్కండి’ అంటే మాత్రం ఫోన్ పెట్టేయడమే. నంబరును తమ ఫోన్‌లోకి ఈ-సిమ్‌గా లాక్కుని ఖాతా ఊడ్చేసే మోసాల మీద కేంద్ర హోం శాఖ సైబర్ నేరాల విభాగం 2025లో హెచ్చరిక కూడా చేసింది. మార్పిడి మొదలుపెట్టాల్సింది నంబరు సొంతదారే, ఆపరేటర్ యాప్‌లోనో స్టోర్‌లోనో.

అమ్మాయి పురుడుకని డాలస్ వెళ్లి ఆరు నెలలు ఉండొచ్చే తల్లిదండ్రులకు ట్రావెల్ ఈ-సిమ్ లెక్క పొసగదు. ఇవి దాదాపు అన్నీ డేటాకే పరిమితం, వాటికి అక్కడి నంబరు ఉండదు. ఆసుపత్రి నుంచో ఫార్మసీ నుంచో ఫోన్ రావాలంటే అమెరికా నంబరు కావాలి. అక్కడి పిల్లల ఫ్యామిలీ ప్లాన్‌లో ఒక లైన్ కలిపించుకోవడం, లేదా లోకల్ ప్రీపెయిడ్ తీసుకోవడం మేలు. చాలా కంపెనీలు దాన్ని కూడా ఈ-సిమ్‌గానే ఇస్తాయి. ఇండియా సిమ్ అప్పటికీ ఫోన్‌లోనే ఉంటుంది. దానికి ఏడాది గడువున్న రీఛార్జ్ ఒకటి ముందే వేయించి, ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేసి పంపితే, ఆరు నెలల మధ్యలో ‘బ్యాంకు నుంచి మెసేజ్ రావట్లేదు నాయనా’ అని అర్ధరాత్రి బెంగళూరుకు ఫోన్ రాదు.